మందుల పరీక్షకు పట్టే కాలం దండగ కాదు

కొత్త మందు ప్రయోగశాలలో సిద్ధమయ్యాక రోగి చేతికి రావడానికి పదేళ్లు ఎందుకు పట్టాలన్న ప్రశ్న టీవీ చర్చల్లో, సంపాదకీయ పేజీల్లో, ఆసుపత్రి వరండాల్లో తరచూ వినిపిస్తోంది. ప్రశ్నతోపాటు జవాబూ సిద్ధంగా ఉంటోంది. ట్రయల్స్ పేరుతో జరిగేదంతా ఫైళ్ల జాప్యమని, అధికారుల పిరికితనమని, పాతకాలపు నిబంధనల చాదస్తమని అంటున్నారు. కోవిడ్ టీకా ఏడాదిలోపే వచ్చింది కాబట్టి మిగతావీ అలాగే రావచ్చన్నది ఈ వాదనకు వెన్నెముక. పరీక్ష సాగే ఒక్కో ఏడాదిలో ఆ మందు అందక ఎందరో చనిపోతున్నారని, ఆలస్యం అమృతం విషం అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజమని కూడా చెబుతారు. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. బిడ్డకో, భర్తకో, తల్లికో నయంకాని జబ్బు వచ్చినవాళ్ల బాధ ఇందులో ఉంది. ఆలస్యం వల్ల ప్రాణాలు పోతాయన్న మాటలోనూ నిజముంది.

ఈ వాదనకు బలం చేకూర్చే ఉదాహరణ మన జంటనగరాల్లోనే దొరుకుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ పనికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ భవనం నేటికీ ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో ఆయన పేరుతోనే ఉంది. పిల్లలకు విస్తృతంగా వేయదగ్గ తొలి మలేరియా టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది మాత్రం 2021 అక్టోబరు 6న. మధ్యలో 124 ఏళ్లు గడిచాయి. వైద్యపరీక్షల నత్తనడకకు ఇంతకంటే రుజువు ఏం కావాలని ఎవరైనా అడగవచ్చు. ఆ లెక్కనే విప్పి చూస్తే ఈ వాదన ఎక్కడ కూలిపోతుందో తెలుస్తుంది.

1. ఏ కాలాన్ని ఏ ఖాతాలో వేశారు?

రాస్ బేగంపేటలో చూసింది దోమ ఒంట్లో పరాన్నజీవి ఉందన్న సంగతి మాత్రమే. దోమకాటుతోనే జబ్బు వ్యాపిస్తుందని అప్పటికి రుజువు కాలేదు. ఆ రుజువు కోసం ఆయన 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై మళ్లీ ప్రయోగాలు చేశాడు. మనుషుల విషయంలో అదే సంగతిని ఇటలీలో గ్రాసీ బృందం అదే ఏడాది నిరూపించింది. కనుగొనడానికీ నిరూపించడానికీ మధ్య ఇంత దూరం ఉంటుంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో టీకా రాకపోవడానికి ట్రయల్స్ కారణం కాదు, పరీక్షించడానికి అసలు టీకాయే లేదు. మలేరియా పరాన్నజీవికి వేల జన్యువులున్నాయి. దోమలో, కాలేయంలో, ఎర్ర రక్తకణంలో అది వేరువేరు రూపాలు దాలుస్తుంది. తర్వాత ఆర్‌టీఎస్,ఎస్ అన్న పేరుతో వచ్చిన టీకాపై పని మొదలైందే 1987లో. ఏడు ఆఫ్రికా దేశాల్లో 15,459 మంది పిల్లలపై దాని మూడో దశ (అనుమతికి ముందు జరిగే పెద్ద) ట్రయల్ 2009 నుంచి 2014 వరకు నడిచింది. అంటే 124 ఏళ్లలో ఆ పెద్ద పరీక్ష తీసుకున్నది సుమారు ఐదేళ్లు.

మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ (పిల్లల్లో విరేచనాలు కలిగించే రోటావైరస్‌కు టీకా) లెక్క కూడా ఇలాంటిదే. దానికి మూలమైన వైరస్ రకాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌లో పసికందుల నుంచి సేకరించింది 1980లలో. టీకా మార్కెట్లోకి వచ్చింది 2015లో. పైకి చూస్తే మూడు దశాబ్దాలు. కానీ ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది శిశువులపై జరిగిన మూడో దశ ట్రయల్ 2011లోనే మొదలైంది. అంతకుముందు గడిచిన కాలంలో ఎక్కువభాగం పరిశోధనకు, నిధులు సమకూర్చుకోవడానికి, తయారీని చేతికి తెచ్చుకోవడానికి పోయింది. మందు కథ మొత్తానికి పట్టిన ఏళ్లన్నీ కూడి ట్రయల్ ఖాతాలో రాయడం ఈ వాదనలోని మొదటి తప్పు. ఇది కేవలం లెక్క తప్పు కాదు. జాప్యానికి కారణం డబ్బు అయినప్పుడు నిబంధనలను సడలిస్తే డబ్బు రాదు. తప్పుడు చోట కోత పెట్టినవాళ్లమవుతాం, అసలు జాప్యం అలాగే ఉండిపోతుంది.

2. కోవిడ్ టీకా ఏడాదిలో వచ్చింది కదా?

వచ్చింది. ఎందుకు వచ్చిందో కూడా చెబితేనే ఆ మాట పూర్తవుతుంది. 2002-03లో వచ్చిన సార్స్, ఆ తర్వాత వచ్చిన మెర్స్ పుణ్యమా అని ఈ జాతి వైరస్ మీద ఏ భాగాన్ని గురిపెట్టాలో శాస్త్రవేత్తలకు ముందే తెలుసు. ట్రయల్ విఫలమైతే నష్టం తామే భరిస్తామని ప్రభుత్వాలు డబ్బు గుమ్మరించాయి కాబట్టి, ఒక దశ ముగియకముందే మరో దశకు, తయారీకి ఏర్పాట్లు సాగాయి. వాలంటీర్ల కోసం నెలల తరబడి వెతకాల్సిన అవసరం రాలేదు. వీటన్నిటికంటే పెద్ద కారణం మరొకటి ఉంది. టీకా పనిచేస్తుందో లేదో తేలాలంటే ట్రయల్‌లో ఉన్నవారిలో కొందరికి జబ్బు రావాలి. అసలు టీకా వేసుకున్నవారిలో ఎందరికి వచ్చింది, ఉత్తుత్తి సూది వేయించుకున్నవారిలో ఎందరికి వచ్చింది అని పోల్చిచూడాలి. 2020లో వైరస్ ఊరూవాడా ఉంది. అందువల్ల ఫైజర్ ట్రయల్‌లో సుమారు 43 వేలమందిలో 170 కేసులు నమోదు కావడానికి కొన్ని నెలలే పట్టింది. భారత్ బయోటెక్ కోవిడ్ టీకా కోవాగ్జిన్ మూడో దశలో 25,800 మందిలో 130 కేసుల ఆధారంగా 77.8 శాతం సామర్థ్యం తేల్చారు. జబ్బు వేగంగా వ్యాపించింది కాబట్టి జవాబు వేగంగా వచ్చింది.

దీనికి తిరగేసిన ఉదాహరణ జికా వైరస్ జబ్బు. 2016 నాటికి టీకాలు మనుషుల మీద పరీక్ష దాకా వచ్చాయి. ఈలోగా జబ్బు తగ్గుముఖం పట్టింది. కేసులే లేనప్పుడు టీకా కాపాడిందో లేదో ఎలా తేల్చాలి? అక్కడ ఏ అధికారీ ఫైలును తొక్కిపెట్టలేదు, అయినా పని ఆగిపోయింది. అల్జీమర్స్, మధుమేహంతో వచ్చే కిడ్నీ జబ్బు, తిరగబెట్టే కేన్సర్ లాంటివి ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదురుతాయి. వాటికి మందు పనిచేసిందని చెప్పాలంటే మందు వేసుకోనివారిలో జబ్బు ముదిరేంత కాలం ఆగాలి. ఎన్ని ట్రాక్టర్లు దించినా వరి కంకి పాలుపోసుకునే రోజులు తగ్గవు. కోవిడ్ అనుభవాన్ని చూపి అన్ని జబ్బులకూ ఒకే గడువు పెట్టేవారు, ఆ వేగాన్ని ఇచ్చింది జబ్బే అన్న సంగతిని వదిలేస్తున్నారు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఏడాదిలో తేలింది టీకా కొన్ని నెలలపాటు కాపాడుతుందని మాత్రమే. అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య ఆస్ట్రాజెనెకా టీకాతో వస్తుందని తెలిసింది 2021 మార్చిలో, లక్షల డోసులు వేశాక. మహమ్మారి ప్రాణాలు తీస్తున్నవేళ ఆ ప్రమాదాన్ని తెలిసే భరించాం, అది సరైన నిర్ణయమే. నిప్పంటుకున్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని మామూలు రోజుల నియమంగా మార్చమనడం మాత్రం సరైనది కాదు.

3. కళ్లముందే నయమవుతుంటే ఇంకా పరీక్ష ఏమిటి?

తెలుగువారికి ఈ మాట కొత్త కాదు. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన మందు కోసం వేలమంది బారులు తీరారు. వేసుకున్నవారు కోలుకున్నారని చెప్పుకున్నారు. ఆ నెలాఖరున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతా మందులకు అనుమతి ఇచ్చింది. కోలుకున్నామని చెప్పినవారు అబద్ధం చెప్పలేదు. కానీ కోవిడ్ వచ్చినవారిలో అత్యధికులు ఏ మందూ వేసుకోకపోయినా కోలుకుంటారు. మందు వేసుకున్న వందమందిలో 95 మంది బాగుపడ్డారంటే, వేసుకోని వందమందిలో ఎందరు బాగుపడ్డారో తెలిసేదాకా ఆ అంకెకు అర్థం లేదు. ఆ రెండో వందమందిని నిష్పక్షపాతంగా ఎంపికచేసి, అంతే శ్రద్ధతో గమనించడమే క్లినికల్ ట్రయల్. దాన్ని తీసేస్తే మిగిలేది ప్రచారమే.

నాటువైద్యానికి ఒక కొలత, ఇంగ్లిషు మందుకు మరో కొలత పెట్టనక్కర్లేదు. 2020 మార్చిలో హైడ్రాక్సీక్లోరోక్విన్ వైద్య సిబ్బందిని కాపాడుతుందన్న ఆశతో దాన్ని వాడమని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సిఫారసు చేసింది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్, ఆసుపత్రిలో చేరిన రోగులకు దానివల్ల మేలు లేదని అదే ఏడాది జూన్‌లో తేల్చింది. కోలుకున్నవారి ప్లాస్మా ఎక్కిస్తే బతుకుతారని నమ్మి, దాతల కోసం కుటుంబాలు రాత్రింబగళ్లు ఫోన్లు చేశాయి. ఐసీఎంఆర్ 39 ఆసుపత్రుల్లో 464 మందిపై జరిపిన ట్రయల్, ప్లాస్మా మరణాలను తగ్గించలేదని చూపింది. నమ్మినవారిలో పెద్ద పెద్ద డాక్టర్లూ ఉన్నారు. అనుభవం ఎంత ఉన్నా, పోల్చిచూడని కన్ను మోసపోతుంది.

అన్నిటికంటే భయంకరమైన ఉదాహరణ గుండెజబ్బులది. గుండెపోటు వచ్చినవారిలో గుండె లయ తప్పితే ఆకస్మిక మరణం వస్తుంది కాబట్టి, లయను సరిచేసే మందులు ప్రాణం కాపాడతాయని వైద్యులు నమ్మారు. ఈసీజీలో లయ నిజంగానే సరైంది. మందు పనిచేస్తున్నట్టు కళ్లకు కనిపించింది. అమెరికాలో కాస్ట్ అన్న పేరుతో జరిగిన ట్రయల్ ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులను ఉత్తుత్తి మాత్రతో పోల్చిచూసింది. 1,498 మందిలో మందు వేసుకున్నవారిలో 63 మంది, వేసుకోనివారిలో 26 మంది చనిపోయారు. కాగితం మీద గీత సరైంది, మనుషులు చనిపోయారు. 1989లో ట్రయల్‌లోని ఆ భాగాన్ని ఆపేశారు. అప్పటికే ఆ నమ్మకంతో ఎందరికో ఆ మందులు రాశారు. ప్రయోగశాల కొలత బాగుంటే చాలు, మరణాలు తగ్గాయో లేదో చూసేదాకా ఆగనక్కర్లేదు అనేవారు ఈ అంకెలకు ముందు జవాబు చెప్పాలి.

4. వేలమంది ఎందుకు, వందమంది చాలరా?

చాలరు. ఉదాహరణకు ఏడాదిలో వందకు ఇద్దరికి గుండెపోటు వచ్చే జనాభాను తీసుకుందాం. కొత్త మందు ఆ ముప్పును అయిదోవంతు తగ్గిస్తుందనుకుందాం. రెండు వైపులా వెయ్యిమంది చొప్పున పెడితే ఒకవైపు 20, మరోవైపు 16 గుండెపోట్లు కనిపిస్తాయి. ఈ నాలుగింటి తేడా కేవలం యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. పదివేలమంది చొప్పున పెడితే 200కూ 160కీ తేడా వస్తుంది. అప్పుడు నమ్మవచ్చు. అంతమందిని వెతకాలి, విషయం వివరించి ఒప్పించాలి, ఏడాదిపాటు వదలకుండా గమనించాలి. ట్రయల్ కాలంలో పెద్దభాగం ఇందుకే పోతుంది. ఈ లెక్కను ఏ నిబంధనా తెచ్చిపెట్టలేదు, ఏ మంత్రీ రద్దుచేయలేడు.

దుష్ఫలితాల విషయంలో ఈ లెక్క ఇంకా కఠినం. పదివేలమందిలో ఒకరికి వచ్చే ప్రమాదం ట్రయల్‌లో ఒక్కసారైనా దాదాపు తప్పక కనిపించాలంటే సుమారు 30 వేలమంది కావాలి. అమెరికాలో రోటాషీల్డ్ అనే రోటావైరస్ టీకాకు 1998లో అనుమతి ఇచ్చారు. అనుమతికి ముందు జరిగిన ట్రయల్స్‌లో టీకా వేసిన సుమారు పదివేలమంది పిల్లల్లో ఐదుగురికి, వేయని సుమారు 4,600 మందిలో ఒకరికి పేగు మడతపడే ప్రమాదకర సమస్య వచ్చింది. ఆ సంఖ్యలు చిన్నవి కాబట్టి తేడా ఉందని గట్టిగా చెప్పలేకపోయారు. దేశమంతటా వేశాక అది నిజమేనని తేలింది. 1999లో టీకాను వెనక్కి తీసుకున్నారు. తర్వాతి టీకాలు ఒక్కొక్కటీ 60 వేలకు పైగా శిశువులపై పరీక్షలు దాటుకొని 2006 ప్రాంతంలో వచ్చాయి. ఈ రెంటి మధ్య గడిచిన కాలంలో విరేచనాలతో చనిపోయిన పిల్లల్లో అత్యధికులు మనలాంటి దేశాలవారు. ముందే పెద్ద ట్రయల్ జరిగి ఉంటే ఏం పోయేది? ఒకటి రెండేళ్లు. చిన్న ట్రయల్ వల్ల ఏం పోయింది? ఏడేళ్లు. ఆలస్యమే ప్రాణాలు తీస్తుందనేవారు తొందర తెచ్చిపెట్టిన ఈ ఆలస్యాన్ని ఏ ఖాతాలో రాస్తారు?

మలేరియా టీకా దగ్గరికే మళ్లీ వద్దాం. మూడో దశలో మొదటి ఏడాది ఫలితం చూస్తే 5 నుంచి 17 నెలల పిల్లల్లో జబ్బు సగానికి పైగా తగ్గింది. అక్కడే ఆపి సంబరాలు చేసుకోవచ్చు. ఆపకుండా సుమారు నాలుగేళ్లు చూస్తే, రక్షణ నాలుగో డోసు వేసుకున్నవారిలో 36 శాతానికి, వేసుకోనివారిలో 28 శాతానికి తగ్గినట్టు తేలింది. నాలుగో డోసు అవసరమని చెప్పింది ఆ నాలుగేళ్లే. మన పక్కనే చెంగల్పట్టులో 1968లో మొదలైన క్షయ టీకా బీసీజీ ట్రయల్ కూడా ఇలాంటి పాఠమే చెప్పింది. లక్షలమందిని ఏడున్నరేళ్లు, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా గమనిస్తే, పెద్దవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల క్షయ నుంచి ఆ టీకా కాపాడటం లేదని తెలిసింది. చిన్నపిల్లల్లో మెదడుకు పాకే క్షయ నుంచి అది కాపాడుతుంది కాబట్టి ఇప్పటికీ పుట్టగానే వేస్తున్నాం. ఎవరికి పనికొస్తుంది, ఎవరికి రాదు అన్న తేడా ఆ ఏళ్లు గడవనిదే మన చేతికి వచ్చేది కాదు.

5. జంతువులు, కంప్యూటర్లు తేల్చలేవా?

హైదరాబాద్ చరిత్రలోనే దీనికి జవాబుంది. శస్త్రచికిత్సలో మత్తుకు క్లోరోఫాం వాడినప్పుడు రోగులు హఠాత్తుగా ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888, 1889లలో ఇక్కడ రెండు హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. ఎడ్వర్డ్ లారీ నాయకత్వం వహించాడు, నిజాం ప్రభుత్వం డబ్బిచ్చింది, రెండోసారి లండన్ నుంచి ప్రసిద్ధ వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల కుక్కలు, కోతుల మీద ప్రయోగాలు చేసి, ప్రమాదం శ్వాసకే గాని గుండెకు కాదని ప్రకటించారు. శ్వాసను గమనిస్తే చాలన్నారు. 1911లో గుడ్‌మన్ లెవీ క్లోరోఫాం గుండె లయను నేరుగా చెడగొట్టి ఆపేయగలదని చూపించాడు. కమిషన్‌కు నిజాయితీ ఉంది, శ్రమ ఉంది, డబ్బు ఉంది. ఆరోగ్యంగా ఉన్న జంతువుల మీద వచ్చిన జవాబును ఆపరేషన్ బల్ల మీది భయపడుతున్న మనిషికి వర్తింపజేయడమే తప్పయింది.

కృత్రిమ మేధ ఇప్పుడు ఏ అణువును పరీక్షించాలో త్వరగా సూచించగలదు. ఆ సాయం విలువైనదే. కానీ మనుషుల పరీక్షలో అడుగుపెట్టిన పది మందుల్లో సుమారు తొమ్మిది అనుమతి దాకా చేరడం లేదు. అవన్నీ కాగితం మీద, జంతువుల్లో బాగున్నవే. ఎంపిక మెరుగైతే ఈ వైఫల్యాలు తగ్గవచ్చు. ఒక మనిషి కాలేయం ఐదేళ్ల వాడకాన్ని ఎలా తట్టుకుంటుందో తెలుసుకోవడానికి మాత్రం ఐదేళ్లు కావాలి.

వాలంటీర్లకు కావాలనే క్రిమిని ఎక్కించి చూస్తే త్వరగా తేలుతుంది కదా అన్నది మరింత గట్టి ఆక్షేపణ. భారత్ బయోటెక్ టైఫాయిడ్ టీకాను ఆక్స్‌ఫర్డ్‌లో ఇలాగే పరీక్షించారు. 2017లో 54.6 శాతం సామర్థ్యం కనిపించింది. టైఫాయిడ్‌కు కచ్చితంగా తగ్గించే యాంటీబయాటిక్స్ ఉన్నాయి కాబట్టే అది చేయగలిగారు. నయంకాని జబ్బును ఎవరికి ఎక్కిస్తాం? ఆ తర్వాత నేపాల్‌లో, మలావిలో పిల్లల మధ్య జరిగిన మామూలు ట్రయల్స్‌లో అదే టీకా సుమారు 80 శాతం కాపాడింది. దగ్గరిదారి దిక్కు చూపింది, అసలు అంకెను ఇచ్చింది మాత్రం దీర్ఘమైన పరీక్షే.

6. చావుబతుకుల్లో ఉన్నవారి మాటేమిటి?

ఈ వాదనలో నైతికంగా బలమైన భాగం ఇదే, దీనికి సూటిగా జవాబు చెప్పాలి. మేలు స్పష్టంగా కనిపించినా గడువు పూర్తయ్యేదాకా ట్రయల్ సాగదీస్తారన్నది నిజం కాదు. ట్రయల్ నడుస్తుండగానే ఫలితాలు చూసే స్వతంత్ర కమిటీలు ఉంటాయి. 1986లో ఎయిడ్స్ రోగులపై ఏజెడ్‌టీ మందును పరీక్షిస్తున్నప్పుడు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 19 మంది, మందు వేసుకున్నవారిలో ఒక్కరే చనిపోయినట్టు చూసి ట్రయల్‌ను మధ్యలోనే ఆపి అందరికీ మందు ఇచ్చారు. 1987 మార్చిలో అనుమతి వచ్చింది. మన దేశంలో కూడా 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు ప్రాణాపాయంలో ఉన్న రోగికి అనుమతి రాని మందును ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడి ద్వారా తెప్పించే వీలు కల్పించాయి. ఆ తలుపు ఉంది. దాన్ని వాడుకోవడం తేలిక చేయమని అడగడం న్యాయం. ఆ ఒక్క రోగి పేరు చెప్పి, లక్షలమందికి అమ్మే మందుకు రుజువే వద్దనడం వేరు.

దిక్కుతోచని రోగికి కోల్పోవడానికేమీ లేదన్న మాట కూడా తప్పు. మిగిలిన నెలలు, ఒంట్లో మిగిలిన శక్తి, అమ్ముకోవాల్సివచ్చే పొలం అతనివే. కోవిడ్ రెండో అలలో ఆక్సిజన్ అవసరం లేనివారికి కూడా స్టెరాయిడ్లు విచ్చలవిడిగా వాడారు. ఆక్సిజన్ అవసరం లేనివారికి స్టెరాయిడ్ మేలు చేయదని రికవరీ ట్రయల్ ఏడాది ముందే చెప్పింది. ట్రయల్ చెప్పిన హద్దును దాటిన ఆ వాడకం, అదుపుతప్పిన మధుమేహంతో కలిసి బ్లాక్ ఫంగస్‌కు దారితీసింది. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో దవడలు, కళ్లు పోగొట్టుకున్నవారిని చూశాక, తొందరగా ఏదో ఒకటి ఇవ్వడమే దయ అని ఎవరూ అనకూడదు.

7. తొందర మూల్యం ఎవరు చెల్లిస్తారు?

నిబంధనలు సడలిస్తే మొదట పరీక్షకు నిలబడేది వాటి గురించి వాదించేవారు కాదు. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేలమందికి గర్భాశయ ముఖద్వార కేన్సర్‌ను నిరోధించే హెచ్‌పీవీ టీకా వేశారు. దాన్ని ట్రయల్ అనకుండా ప్రదర్శన ప్రాజెక్టు అన్నారు. అందువల్ల ట్రయల్‌కు ఉండాల్సిన కట్టుబాట్లు దానికి పట్టలేదు. భద్రాచలం ప్రాంతంలోని హాస్టళ్లలో చదివే గిరిజన బాలికల సమ్మతి పత్రాలపై తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. ఆ మరణాలకు టీకా కారణమన్న ఆధారం విచారణలో దొరకలేదు. అయినా సమ్మతి తీసుకున్న తీరును, దుష్ఫలితాలను గమనించే ఏర్పాటు లేకపోవడాన్ని 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం తీవ్రంగా ఎండగట్టింది. టీకా మంచిదే. దాన్ని ఇచ్చిన పద్ధతి మీద పోయిన నమ్మకం వల్ల అది ఆ తర్వాత పదేళ్లకు పైగా జాతీయ టీకా కార్యక్రమంలోకి రాలేకపోయింది. సమ్మతి కోసం ఇంటింటికీ తిరగడానికి పట్టే నెలలను మిగుల్చుకోబోయి, ఒక తరం బాలికల రక్షణను పోగొట్టుకున్నాం.

2020 జులై 2న ఐసీఎంఆర్ అధిపతి హైదరాబాద్‌లోని నిమ్స్ సహా 12 ఆసుపత్రులకు రాసిన లేఖ కూడా ఇదే కోవలోది. కోవాగ్జిన్‌ను ఆగస్టు 15 నాటికి జనానికి అందించేలా పరీక్షలు ముగించాలన్నది దాని సారాంశం. అప్పటికి మొదటి దశే మొదలు కాలేదు. ఆ గడువు అసాధ్యమని శాస్త్రవేత్తలే చెప్పారు. మూడో దశ ఫలితాలు రాకుండానే 2021 జనవరి 3న ట్రయల్ పద్ధతిలో వాడకానికి అనుమతి ఇచ్చారు. తర్వాత వచ్చిన ఫలితాలు టీకా మంచిదని నిరూపించాయి. అయితే ఫలితానికి ముందే ఇచ్చిన అనుమతి అనుమానాన్ని నాటింది. టీకా వేయాల్సిన వైద్య సిబ్బందిలోనే కొందరు తటపటాయించారు. మంచి టీకాకు జరిగిన ఈ అపకారం ట్రయల్ వల్ల జరగలేదు, ట్రయల్‌ను దాటబోయినందువల్ల జరిగింది.

8. కోత పెట్టాల్సింది ఎక్కడ?

ఇప్పటివరకు చెప్పినదాన్ని బట్టి ట్రయల్స్‌లో వృథా లేదని ఎవరూ అనుకోనక్కర్లేదు. వృథా ఉంది, సిగ్గుపడాల్సినంత ఉంది. మలేరియా టీకాకు 2015లోనే ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థ నుంచి సానుకూల అభిప్రాయం వచ్చింది. ఘనా, కెన్యా, మలావిలలో ప్రయోగాత్మక వాడకం మొదలైంది 2019లో. మెదడు పొరల వాపు (మెనింజైటిస్)పై, బాలికల మరణాలపై వచ్చిన అనుమానాలను తీర్చుకోవాల్సిన అవసరం నిజమే. ఆ వాడకమే అవి టీకా వల్ల వచ్చినవి కావని తేల్చింది, పిల్లల మరణాలు 13 శాతం తగ్గాయని కూడా చూపింది. కానీ దాన్ని మొదలుపెట్టడానికి నాలుగేళ్లు పట్టకూడదు. చనిపోయేది ధనిక దేశాల పిల్లలైతే పట్టేవి కావు. ఒకే ట్రయల్‌ను ఒక్కో ఆసుపత్రిలో ఒక్కో ఎథిక్స్ కమిటీ మొదటినుంచి చదవడం, ఒప్పంద పత్రాలు న్యాయవాదుల బల్లల మీద నెలల తరబడి పడి ఉండటం, వాలంటీర్లు దొరక్క సగంలో ఆగిపోయే చిన్నచిన్న ట్రయల్స్ పుట్టగొడుగుల్లా మొలవడం, విఫలమైన ఫలితాలను బయటపెట్టకపోవడం వల్ల మరొకరు అదే తప్పును మళ్లీ పరీక్షించడం... ఇవన్నీ నరికేయాల్సినవే.

దారి ఎలా ఉంటుందో రికవరీ ట్రయల్ చూపింది. ఆసుపత్రుల్లో ఉన్న రోగులనే, ఉన్న సిబ్బందితోనే, ఒకే సాదా ప్రణాళిక కింద చేర్చుకుని, బతికారా లేదా అన్న ఒక్క ప్రశ్నను 28 రోజుల దగ్గర అడిగారు. 2020 మార్చిలో మొదలై జూన్ 16 నాటికి చవకైన డెక్సామెథసోన్ వెంటిలేటర్ మీదున్నవారి మరణాలను మూడోవంతు తగ్గిస్తుందని తేల్చారు. అక్కడ పోల్చిచూడటం, లాటరీ పద్ధతిలో ఎంపిక, సరిపడా సంఖ్య, సమ్మతి ఏదీ తగ్గించలేదు. కార్యాలయంలో జరిగే ఆలస్యాన్ని తీసేశారు. నిమ్స్, గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్ లాంటి ఆసుపత్రులకు రోజూ వచ్చే రోగుల సంఖ్య చూస్తే ఇలాంటి ట్రయల్స్ నడిపే శక్తి మనకు లేదనడం కుదరదు. మన దేశంలో కనుగొన్న మందుకు ట్రయల్ అనుమతిపై 30 పనిదినాల్లో నిర్ణయం చెప్పాలని, చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టేనని 2019 నిబంధనల్లోనే ఉంది. కాబట్టి అసలు సమస్య అనుమతి బల్ల మీదే ఉందన్న మాటకు ఇప్పుడు పెద్దగా బలం లేదు. సమస్య ఆసుపత్రుల్లో పరిశోధన సిబ్బంది లేకపోవడంలో, ప్రజాధనంతో నడిచే ట్రయల్స్ కొరతలో ఉంది.

కాబట్టి ప్రభుత్వాలను అడగాల్సినవి ఇవి. అనేక కేంద్రాల్లో జరిగే ట్రయల్‌కు ఒకే నైతిక సమీక్ష, బోధనాసుపత్రుల్లో శాశ్వత పరిశోధన విభాగాలు, లాభం లేదని కంపెనీలు ముట్టని మందులకు ప్రజాధనం, గెలిచినా ఓడినా గడువులోగా ఫలితాల ప్రకటన. అడగకూడనివి కూడా అంతే స్పష్టం. పోల్చిచూసే రెండో వర్గాన్ని తీసేయడం, సంఖ్యను కుదించడం, గమనించే కాలాన్ని కత్తిరించడం, సమ్మతిని సంతకంగా మార్చడం. మొదటి జాబితాలోనివి ఆలస్యాన్ని తగ్గిస్తాయి. రెండో జాబితాలోనివి ఆలస్యాన్ని ట్రయల్ నుంచి తీసి రోగి ఒంట్లోకి చేరుస్తాయి. అప్పుడు దుష్ఫలితం తెలిసేది లెక్క రాసుకునే వైద్యుడి ముందు కాదు, లెక్కే లేని పల్లెల్లో.

ప్రతి మందుకూ ఏదో ఒక రోజు పరీక్ష జరిగి తీరుతుంది. అది తెలిసి ఒప్పుకున్న కొన్ని వేలమంది మీద, నిఘాతో, పరిహారంతో జరగాలా, తెలియని లక్షలమంది మీద ఏ నిఘా లేకుండా జరగాలా అన్నదొక్కటే మన చేతిలో ఉంది. పరీక్షకు పట్టే కాలాన్ని దండగ అనేవారు కోరుకుంటున్నది, తెలిసో తెలియకో, ఆ రెండోదే. దాన్ని తిరస్కరించాలి.